పాత రాతి ఇంటి గోడకు సున్నంతో దర్జులు నింపడం ఎలా?

భీమిలిలోనో, విశాఖ పాతబస్తీలోనో రాతి ఇల్లు చేతికి రాగానే చాలామంది రాళ్ల మధ్య సందుల్లో, అంటే దర్జుల్లో, సిమెంటు కూరేస్తారు. ఆ పని ఎవరూ చేయకండి. ఇక్కడి కొండల్లో విరివిగా దొరికే ఖోండలైట్ ఎండకీ వానకీ మెత్తబడే రాయి. పాతబడిన రాయిని వేలితో రుద్దితే ఎర్రటి గార్నెట్ రవ్వలు చేతికి అంటుతాయి. గోడలోకి దిగిన తేమ, ఉప్పు సున్నపు దర్జు గుండా బయటికి పోతాయి. సిమెంటుతో ఆ దారి మూస్తే తేమ రాతి గుండా వస్తుంది, ఉప్పు రాతి పైపొరలోనే గట్టిపడి పెచ్చులు లేపుతుంది. దర్జు నిలుస్తుంది, రాయి అరిగిపోతుంది.

సన్న ఉలి, సుత్తి, తాపీ, కుంచె, గోనెసంచులు చాలు. కటింగ్ మిషన్ వద్దు, అది రాతి అంచులు తినేస్తుంది. పాత గారను అంగుళం లోతు వరకు ఉలితో తీసి, దుమ్ము దులపండి. బాగా నానిన సున్నపు ముద్ద ఒక పాలు, జల్లించిన నది ఇసుక మూడు పాళ్లు కలపండి. బీచ్ ఇసుకలో ఉప్పు ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలని కొందరు పట్టుబడతారు. సున్నం బాగా నాని ఉంటే దర్జులకు అవి అవసరం లేదు.

పని చెడేది తడి దగ్గరే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకు తడి ఉండాలి. పొడి రాయి ఆ తడిని లాగేస్తే దర్జు పిండిలా రాలుతుంది. అందుకే ముందురోజు సాయంత్రం గోడ తడపండి, నింపే ముందు మళ్లీ తడపండి. రాయి చల్లగా, తడిగా తగలాలి కానీ నీరు కారకూడదు. కారుతుంటే ఆగండి, లేకపోతే సున్నం జారిపోతుంది.

ఒకేసారి కూరకుండా పొరలుగా నొక్కండి. గోరు గుచ్చితే గుర్తు పడి, వేలికి సున్నం అంటనప్పుడు కుంచెతో తట్టండి. తాపీతో నున్నగా రుద్దితే పైన పొర కట్టి లోపలి సున్నానికి గాలి అందదు.

మన ఊళ్లో సముద్రం వైపు గోడకు పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి గాలి. తడి గోనెసంచులను గోడకు కాస్త ఎడంగా పరదాలా కట్టి వారమంతా తడుపుతూ ఉండాలి. ఈ ఓపిక లేనివాళ్లు పని మొదలుపెట్టవద్దు. తుపాన్ల కాలం దాటాక, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే చేయండి.

నెల దాటాక కావాలంటే సున్నపు వెల్ల వేయండి. ప్లాస్టిక్ పెయింటు మాత్రం వద్దు.