అమెరికా ఫోను ధరను ఇక్కడి ధరతో పోల్చడం ఎలా?

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో చెల్లెలితోనో ఫోను తెప్పించుకోవాలనుకునేవారు చాలామంది డాలరు ధరను రూపాయల్లోకి మార్చి, దానిని ఇక్కడి ధరలోంచి తీసివేసి, మిగిలిందంతా లాభమే అనుకుంటారు. ఆ లెక్క మొదట్లోనే తప్పుతోంది. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అమెరికా ప్రకటనల్లోని ధరలో అమ్మకపు పన్ను ఉండదు. అందుచేత ముందుగా రెండు ధరలనూ పన్ను లేకుండా చూడాలి.

ఫోన్లపై జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. కాబట్టి ఇక్కడి ధరను 1.18తో భాగించాలి, నేరుగా 18 శాతం తీసివేయకూడదు. ఐఫోన్ 16 2024 సెప్టెంబరులో విడుదలైనప్పుడు ఇక్కడ దాని ధర 79,900 రూపాయలు. పన్ను తీసేస్తే 67,700 చిల్లర. అమెరికాలో ప్రకటించిన 799 డాలర్లు, అప్పట్లో డాలరుకు సుమారు 84 రూపాయల చొప్పున, 67,100. అంటే దాదాపు తేడా లేదు! అదే 16 ప్రో విషయంలో అప్పటి 1,19,900 రూపాయల ధర పన్ను లేకుండా 1,01,600 అవుతుంది. అక్కడి 999 డాలర్లు 83,900 మాత్రమే. ఈ పదిహేడు వేల పైచిలుకు తేడాకు జీఎస్టీ కారణం కాదు. దిగుమతి ఫోన్లపై కస్టమ్స్ సుంకం 2024 జులైలో 20 నుంచి 15 శాతానికి తగ్గినా ఇంకా ఉంది. సుంకం పోగా మిగిలేది కంపెనీ నిర్ణయమేనని నా అభిప్రాయం: పోటీ గట్టిగా ఉన్న మోడల్‌కు ధర తగ్గించి, ఎలాగైనా కొనేవారున్న మోడల్‌కు పెంచుతారు.

ఇప్పుడు అక్కడి పన్ను కలపాలి. ఆరెగాన్, డెలావేర్ రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను లేదు. టెక్సస్‌లో స్థానిక పన్నుతో కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది. ఆ రేటుతో 16 ప్రో అప్పట్లో సుమారు 90,800 పడేది. ఆపైన విమానాశ్రయంలో సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను విలువకు పరిమితి ఉంది. అది మారుతుంటుంది కనుక ప్రయాణానికి ముందే కస్టమ్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

టెలికాం కంపెనీలు నెలవారీ బిల్లులో తగ్గింపు ఇస్తామంటూ చూపే చౌక ధరను లెక్కలోకి తీసుకోకూడదు. అలాంటి ఫోను ఆ కంపెనీకే లాక్ అయి ఉండవచ్చు, ఇక్కడి సిమ్‌ను అది అంగీకరించదు. అన్‌లాక్డ్ ఫోను ధరనే అడగండి. ఐఫోన్ 14 నుంచి 16 వరకు అమెరికా మోడళ్లలో సిమ్ ట్రే అసలు లేదు, ఈసిమ్ (విడి కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) ఒక్కటే పనిచేస్తుంది. సిమ్ తీసి పాత ఫోనులో పెట్టుకునే అలవాటున్న నాన్నగారికి అది తలనొప్పే. వారంటీ కూడా కొన్న దేశానికే పరిమితం కావచ్చు కనుక, ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కొని, ఆ తర్వాతే డబ్బు పంపండి.