సెలవుల్లో పిల్లల్ని గుర్రం ఎక్కించే ముందు

ఏప్రిల్ చివర్లో బడులు మూసేస్తారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల పట్టు తప్పడం), ఆటిజం ఉన్న పిల్లలకు చికిత్సగా గుర్రపు సవారీ చేయిస్తారా అని తిరుపతి చుట్టుపక్కల తల్లిదండ్రులు అడిగేది ఎక్కువగా అప్పుడే. గుర్రాన్ని వెతకడం మాత్రం సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టాలి. మేలో కొని మేలోనే పిల్లాణ్ణి కూర్చోబెట్టే పని దయచేసి ఎవరూ చేయకండి.

మన వైపు తొందరగా దొరికేది పెళ్ళి ఊరేగింపు గుర్రం. డప్పులు, టపాసుల మధ్య కదలకుండా నిలబడుతుంది కదా, ఇంతకన్నా నెమ్మదైనది ఏముంటుంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. చిత్తూరు దగ్గర ఒక తెల్ల గుర్రాన్ని చూడబోతే, పక్కనే రేకు పడి పెద్ద చప్పుడైనా అది చెవి కూడా కదల్చలేదు. మురిసిపోయాను. జీను తీయించి, వెన్నుకు అటూ ఇటూ రెండు వేళ్ళతో నొక్కుకుంటూ తోక వైపు వచ్చాను. నడుము దగ్గర చర్మం జలదరించి వీపు కిందికి కుంగింది, తోక ఒక్కసారి విసిరింది. జీను ఆనే చోట పాత పుండు మానిన గట్టి చర్మం చేతికి తగిలింది. నొప్పిని దిగమింగుకుని నిలబడటం దానికి అలవాటైపోయిందని అప్పుడు అర్థమైంది. నడుము నిలవని పిల్లాడు ఒక పక్కకు ఒరిగితే బరువంతా సరిగ్గా ఆ నొప్పి మీదే పడుతుంది. నేను దాన్ని కొనలేదు.

అందుకే చప్పుడుకు బెదరని గుర్రాన్ని వెతకొద్దు, బెదిరి తేరుకునే గుర్రాన్ని వెతకండి. మంచిదైతే చెవులు తిప్పి చూస్తుంది, ముక్కు చాచి వాసన పడుతుంది, కాసేపటికి తల దించి నోరు ఆడిస్తుంది.

వయసు 8 నుంచి 15 ఏళ్ళ మధ్య ఉంటే మేలు. ఎత్తు భుజం దగ్గర 52 నుంచి 56 అంగుళాలు చాలు. అంతకు మించితే పక్కన నడిచేవాళ్ళ చెయ్యి పిల్లల నడుముకు సరిగ్గా అందదు. విత్తులు తీయించని మగ గుర్రం ఈ పనికి వద్దు. గుర్రం బరువులో జీనుతో కలిపి 20 శాతానికి మించి ఎక్కించకూడదంటారు. ఒరిగిపోయే పిల్లలైతే నేను 15 దగ్గరే ఆపుతాను, అంటే 300 కిలోల గుర్రం మీద 45 కిలోలు.

కొనేముందు గుర్రం నడకను ఎక్కువ సేపు చూడండి, ఎందుకంటే చికిత్స అంతా నడకలోనే ఉంది. గుర్రం అడుగు వేసినప్పుడు కూర్చున్నవాళ్ళ నడుము ముందుకీ పక్కకీ పైకీ కదులుతుంది, దాదాపు మనం నడిచినట్టే. పోలియోతో మోకాళ్ళ కింద పట్టు తప్పిన డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రజతం గెలిచాక లోకం దృష్టి ఇటు మళ్ళింది. ఆవిడను గుర్రం ఎక్కించడానికి, దించడానికి మనుషుల సాయం కావలసి వచ్చేది. స్వర్ణముఖి నది తడి ఇసుకలో గుర్రాన్ని నడిపించి అడుగులు చూడండి. వెనక గిట్ట గుర్తు ముందు గిట్ట గుర్తు మీదో, దాన్ని దాటో పడాలి, రెండు పక్కలా ఒకేలా ఉండాలి. గుర్రం కుంటుతుంటే ఆ కుంటునే పిల్లాడి నడుముకు నేర్పిస్తున్నట్టు.

కొన్నాక మొదటి పని రక్తపరీక్ష. గ్లాండర్స్ మనుషులకూ సోకే రోగం, ఫలితం వచ్చేదాకా పిల్లల్ని దాని దగ్గరికి పంపొద్దు. ధనుర్వాతం టీకా వేయించండి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి.

మేపు విషయంలో మన జిల్లాలో ఒక ప్రమాదం ఉంది. వేరుశనగ కట్టె బూజు పట్టి ఉంటే పిడికెడు కూడా పెట్టొద్దు. ఆవులకు వేస్తున్నాం కదా అని గుర్రానికీ వేస్తారు, బూజు మేత తింటే కోలిక్ అనే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. ఉలవలు నానబెట్టో ఉడికించో పెట్టండి, మేత మార్చాలంటే వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి.

మేలో ఎండలు మండే అగ్నినక్షత్రం రోజుల్లో ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిలోపు ఆపేయాలి. గుర్రం నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 శ్వాసలు, ఒంటి వేడి 38.5 డిగ్రీల లోపు ఉండాలి. నీడలో నిలబెట్టాక కూడా డొక్కలు ఎగరడం తగ్గకపోతే ఒళ్ళంతా నీళ్ళు పోసి, పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఆ రోజుకు సవారీ లేదు, ఎంత దూరం నుంచి వచ్చిన పిల్లలున్నా సరే.

పిల్లల విషయంలో వాళ్ళ డాక్టరు రాతపూర్వకంగా సరే అనాలి. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకలు వదులుగా ఉన్నాయేమో తప్పక అడగండి. అదుపులోకి రాని మూర్ఛ ఉంటే ఎక్కించొద్దు. హెల్మెట్ లేకుండా ఒక్క అడుగూ వద్దు.

ఇక గుర్రానికి చక్రాల కుర్చీ, చంకకర్రలు, గొడుగు, బంతి, ఉన్నట్టుండి వచ్చే అరుపు రోజుకొకటి చొప్పున చూపించండి. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా. పగ్గం పట్టే ఒకరు, రెండు పక్కలా ఇద్దరు కలిసి నడవడం కనీసం మూడు వారాలు సాధన చేయాలి. చివరి వారం మీ పెద్దవాళ్ళలో తక్కువ బరువున్నవాళ్ళు ఒకరు ఎక్కి, కావాలని ఒక పక్కకు ఒరిగి, ఏడ్చినట్టు అరిచి, జూలు పట్టి లాగండి. గుర్రం ఆగి నిలబడితే పిల్లల్లో అందరికన్నా తక్కువ బరువున్నవాణ్ణి మొదట ఎక్కించండి, ఆ రోజు పది నిమిషాలకే దించేయండి.