చోక్వే బొమ్మలు గీద్దాం – 4వ పాఠం: ఆ చేతులు పెద్దవే

పోయినసారి ఆఫ్రికాలోని చోక్వే జాతివాళ్లు చెక్కిన చిబిండా ఇలుంగా అనే వేటగాడి బొమ్మ చూసి గీయమన్నాను. మీరు పంపినవాటిలో చాలావరకు చేతులూ పాదాలూ చిక్కిపోయాయి. ఒకరైతే "చెక్కినాయన కొలత తప్పాడు, నేను సరిచేశాను" అని పక్కనే రాశారు. తలపాగా పాఠం వచ్చే వారం చూద్దాం. ముందు ఇది తేలాలి.

కొలత తప్పలేదు. చిబిండా ఇలుంగా మధ్య ఆఫ్రికాలోని లూబా రాజవంశపు వేటగాడు. లుండా అనే మరో రాజ్యపు రాణి లువేజిని పెళ్లాడి, వేట విద్యను లుండావాళ్లకు తెచ్చిచ్చాడని కథ. 19వ శతాబ్దంలో అంగోలాలోని చోక్వే నాయకుల కొలువుల్లో ఆయన బొమ్మలు చెక్కారు. అడవిలో రోజుల తరబడి తిరిగే మనిషి సత్తువంతా ఆ అరచేతుల్లో, ఆ పాదాల్లో ఉంది. వాటిని తగ్గిస్తే మీ కాగితం మీద వేటగాడు మిగలడు, తలపాగా పెట్టుకున్న మనిషి మిగులుతాడు.

అమెరికాలో ఫోర్ట్‌వర్త్ ఊళ్లోని కింబెల్ మ్యూజియంలో ఉన్న బొమ్మ ఫొటో వెతికి దగ్గరగా చూడండి. ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లే. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఔషధం నింపే జింక కొమ్ము. వేళ్లు కర్రను ఎలా చుట్టాయో చూడండి. మోకాళ్లు కాస్త వంగి ఉన్నాయి, లేవబోతున్నట్టు. నేనైతే పాదాలతో మొదలుపెడతాను, ముఖం చివర్లో. ముఖంతో మొదలుపెడితే కాగితం సగంలోనే అయిపోయి, చేతులకు చోటు చాలదు. మీలో చాలామందికి జరిగింది ఇదే అనుకుంటున్నాను.

ఇంకో మాట. బొమ్మ కింద "చోక్వే దేవుడు" అని రాయకండి. చిబిండా వాళ్లు గౌరవించే వీరుడు. ఆత్మల సంగతి వేరు. ఆత్మను "హంబ" అంటారు, దాని కోసం చేసిన బొమ్మనూ అదే పేరుతో పిలుస్తారు. జబ్బు తగ్గకపోయినా, పిల్లలు కలగకపోయినా, వేట దొరకకపోయినా సోదె చెప్పే "తహి" దగ్గరికి వెళ్తారు. ఆయన బుట్టను కుదిపి, అందులోని చిన్న చిన్న వస్తువులు పడిన తీరు చూసి, ఏ హంబకు కోపం వచ్చిందో చెబుతాడు. దాన్ని శాంతింపజేయడానికి చేసే బొమ్మ మోటుగా ఉన్నా ఫర్వాలేదు. అందుకే నున్నగా ఉందా లేదా అన్నది చూసి మంచిచెడ్డలు తేల్చకండి.

అభ్యాసం: కర్ర పట్టిన చెయ్యి ఒక్కటే, 4బి పెన్సిల్‌తో, రబ్బరు వాడకుండా 30 సార్లు గీయండి. ముఖం గీసి పంపితే ఈసారి చూడను.