కొమ్మ పగడం ముక్క నిలవడం లేదా? తెలుపు ఎటు నుంచి మొదలైందో చూడండి

ఉప్పునీటి అక్వేరియంలో పెంచే అక్రోపొరా, బర్డ్స్‌నెస్ట్, మాంటిపొరా డిజిటాటా వంటి కొమ్మ పగడాల నుంచి ముక్క కత్తిరించి ప్లగ్ (ముక్కను నిలిపే చిన్న బిళ్ల) మీద అతికించడం నిమిషాల పని. అది బతికి, ప్లగ్ మీదికి కండ పాకేలా చూసుకోవడమే అసలు పని. ముక్క తెల్లబడగానే చాలామంది అల్మరాలో ఉన్న సీసాలన్నీ ట్యాంకులో పోసేస్తారు. అంతకన్నా ముందు, తెలుపు కొస నుంచి దిగుతోందా, అడుగు నుంచి ఎక్కుతోందా చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కొస తెల్లబడింది

పెరిగే అక్రోపొరా కొస ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది, కంగారు వద్దు. భూతద్దం పెట్టి చూడండి. కొసన గుండ్రటి రంధ్రం, దాని అంచున పలుచని మెరిసే పొర ఉంటే అది ఎదుగుదల. పొర లేకుండా గరుకైన ఎముక బయటపడి, ఒకటి రెండు రోజుల్లో దాని మీద పచ్చటి నాచు పట్టిందంటే కొస కాలినట్టే.

కారణం ఎక్కువగా ఆల్కలినిటీ, అంటే నీటి క్షారత; దాన్ని డీకేహెచ్ అనే కొలతలో చెబుతారు. నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు దాదాపు సున్నాగా ఉండి, ఆల్కలినిటీ 10, 11 డీకేహెచ్‌కు ఎక్కితే కొసలు కాలతాయి. కొన్ని ఉప్పు మిశ్రమాలు కలపగానే ఆ స్థాయిలో ఉంటాయి కాబట్టి, కొత్త నీళ్లను కూడా పరీక్షించాకే పోయండి. 7.5 నుంచి 8.5 మధ్య నిలపండి, రోజుకు అర డీకేహెచ్‌కు మించి మార్చవద్దు. చేపలకు మేత కాస్త పెంచండి. నైట్రేటు 2 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) ఉండటం తప్పేమీ కాదు. సున్నా నైట్రేటు గొప్ప అనే భ్రమ వదిలితే చాలా ముక్కలు బతుకుతాయి.

అడుగు నుంచి తెలుపు ఎక్కుతోంది

ఇక్కడ తొందరపడకూడదు. ముందు పురుగులను అనుమానించండి. అక్రోపొరాను తినే చదును పురుగులు పగడం రంగులోనే కలిసిపోతాయి, కంటికి కనిపించవు. పిప్పెట్‌తో గట్టిగా నీళ్లు ఊదితే ఊడి కొట్టుకొస్తాయి. కండ మీద గుండ్రటి లేత మచ్చలు అవి కొరికిన గుర్తులు. అడుగున కండ లేని చోట గోధుమ రంగు గుడ్ల గుత్తులుంటాయి. పగడాల కోసం అమ్మే డిప్ మందులో ముంచితే పురుగులు పోతాయి గానీ గుడ్లు చావవు. అందుకే పాత ప్లగ్, ఒట్టి ఎముక భాగం కత్తిరించి పారేసి, మిగిలిన ముక్కను కొత్త ప్లగ్ మీద అతికించాలి. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు, వారానికోసారి డిప్ తప్పదు.

పురుగులు లేకపోతే నీడ, పేరుకున్న మురికి, లేదా లవణీయత ఊగిసలాట. తెలుపు గీతకు కొన్ని మిల్లీమీటర్లు పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కోసి మళ్లీ అతికించండి.

కొత్త ముక్క కొనేటప్పుడు మరొక మాట. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా చెబితే ఆ బేరం వద్దు. రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

రాత్రికి రాత్రే కండ ఊడిపోయింది

ఆ ముక్కకు వైద్యం లేదు. మిగిలిన మంచి కొసలుంటే కోసి వేరుచేసి, పాడైనది తీసేసి, నీళ్లను శుభ్రపరిచే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. హైదరాబాద్‌లో అయితే మొదట థర్మామీటరు చూడండి. 25, 26 డిగ్రీలుండాల్సిన నీళ్లు మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 30 దాటడం కష్టమేమీ కాదు. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాన్లు రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తాయి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక అవే ఫ్యాన్లు పెద్దగా పనిచేయవు, అప్పుడు నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీయో కావాలి. పైగా ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. ఆవిరైనంత మంచినీళ్లు దానంతటదే పోసే ఆటోమేటిక్ టాప్‌అప్ పెట్టుకుని, లవణీయతను 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాలు) దగ్గర నిలపండి. కరెంటు పోయినప్పటి కోసం ఇన్వర్టర్ మీద ముందుగా ఉంచాల్సింది లైట్లు కావు, ప్రవాహం పంపు.

ప్లగ్ మీద గోధుమ పొర, తర్వాత నాచు

దీనికి మూలం ఎక్కువగా ట్యాంకులో పోసే నీళ్లే. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు నేరుగా పనికిరావని అందరికీ తెలుసు. వంటింటి ఆర్‌ఓ నీళ్లు సరిపోతాయనే నమ్మకమే కొంప ముంచుతుంది. తాగే నీళ్లకు రుచి కోసం చాలా యంత్రాలు కొంత ముడినీటినో ఖనిజాలనో మళ్లీ కలుపుతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 50, 100 చూపిస్తుంది. మనకు కావలసింది సున్నా. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం అమర్చండి, సున్నా దాటిన రోజే రెజిన్ మార్చండి.

ముక్క ఊడి పడిపోతోంది

సూపర్‌గ్లూ జెల్ నీళ్లలోకి వెళ్లగానే పాల మీద మీగడలా పొర కడుతుంది. ముక్కను ఊరికే ఆనించకుండా కాస్త తిప్పుతూ నొక్కితే ఆ పొర చిరిగి లోపలి జిగురు పట్టుకుంటుంది. కోసిన వెంటనే వచ్చే జిగట ద్రవాన్ని ముందు వేరే గిన్నెలో కడగాలి.

బతికే ఉంది, రంగు మాత్రం గోధుమ

వెలుతురు తక్కువ, లేదా పోషకాలు ఎక్కువ. ముక్కను వారానికి కొంచెం చొప్పున పైకి జరపండి. ఒకేసారి లైటు కిందికి తెస్తే గోధుమ రంగు పోయి తెలుపు వస్తుంది, ఆ తెలుపు మనకు అక్కర్లేదు.