కీబోర్డు మనంతట మనమే – 9వ పాఠం: పిల్లి తొక్కిన మెట్లలో రాగం వెతకడం

కిందటి పాఠంలో షడ్జమాన్ని, అంటే ‘స’ను, కీబోర్డులో ఏ మెట్టు (కీ) మీదికైనా జరపడం నేర్చుకున్నాం. ఇప్పుడు దానికి ఎదురు దిక్కున నడుద్దాం. రాగం పేరు ముందు తెలుసుకుని స్వరాలు వాయించడం కాదు, ఎక్కడినుంచో వచ్చిపడ్డ నాలుగైదు స్వరాలు విని, వాటికి ‘స’ ఎక్కడ పెట్టాలో, అవి ఏ మేళకర్తలో (ఏడు స్వరాలూ ఉన్న తల్లి రాగం, మేళం అనీ అంటాం) ఇముడుతాయో తేల్చడం. ఆ స్వరాలు ఇచ్చేది మీ ఇంట్లో పిల్లి. మన వేళ్లు అలవాటైన పట్ల (స్వరాల వరసల) దగ్గరికే పోతాయి. పిల్లి కాళ్లకు ఆ అలవాటు లేదు కాబట్టి మనకు తోచని దూకుళ్లు అది ఇస్తుంది. ఇంట్లో పిల్లి లేకపోతే మూడేళ్ల పిల్లాడయినా సరిపోతాడు.

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెళ్లిళ్లకూ శ్రీరామనవమి పందిళ్లకూ వాయించే ట్రూపుల రిహార్సల్ గదుల్లోకి పిల్లి చేరడం కొత్తేమీ కాదు. సంగీతం కోసమే వస్తుందని అనుకుంటాం గానీ, మొదట దాన్ని లాగేది వేడి. పిల్లి ఒంటి వేడి 38, 39 డిగ్రీలు ఉంటుంది. మనకు ఉక్కగా అనిపించే 30 డిగ్రీల మీద దానికి హాయి. అందుకే కార్తీక, మార్గశిర మాసాల్లో ఆంప్లిఫయర్ మీద, అడాప్టర్ పక్కన, వెచ్చబడ్డ కీబోర్డు వీపు మీద ముడుచుకుంటుంది. మే నెలలో మన ఊళ్లు 40 దాటాక అదే పిల్లి కీబోర్డు వైపు చూడదు, గచ్చు మీద కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటుంది. వేడి లాగి తెచ్చిన మాట నిజమే అయినా, రోజూ అదే వేళకు, అదే మనిషి పక్కకు వచ్చి కూర్చోవడం వేడి ఒక్కటే చేయించే పని కాదని నా నమ్మకం. మా ట్రూపులో రిథమ్ ప్యాడ్స్ వాయించే తమ్ముడు “దించబాకన్నా, దానంతటదే దిగుద్ది” అంటాడు. అతని మాటే ఈ పాఠానికి నియమంగా పెట్టుకోండి.

పాఠంలోకి పోయేముందు ఒక ముఖ్యమైన సంగతి. సముద్రపు తేమకు భయపడి మన దగ్గర చాలామంది కీబోర్డు పెట్టెలో, కవరు కింద కలరా ఉండలు వేస్తారు. పిల్లి ఉన్న ఇంట్లో అవి ఉండకూడదు. అందులోని నాఫ్తలీన్ పిల్లికి విషం. కర్పూరం బిళ్లలూ వద్దు. తేమ కోసం సిలికా జెల్ పొట్లాలు వాడండి, అవి కూడా పిల్లి కొరక్కుండా డబ్బాలో పెట్టి, మూతకు చిల్లులు పొడవండి. పిల్లికూనలు వైర్లు నములుతాయి. వాయించడం అయిపోగానే అడాప్టర్ ప్లగ్గు పీకేయండి.

వాల్యూమ్ సంగతీ అంతే. మనిషి చెవికి వినపడేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. పిల్లికి పై హద్దు 85,000 దాకా ఉంటుంది. మనకు ‘కొంచెం గీరినట్టు’ అనిపించే సింథ్ లీడ్ టోన్ దానికి ఎంత గుచ్చుకుంటుందో ఊహించండి. వాల్యూమ్ సున్నాలో పెట్టి స్విచ్ వేసి, మెల్లగా పెంచండి. చెవులు వెనక్కి వాల్చినా, తోక నేలకేసి కొట్టినా తగ్గించేయండి. దాని ఇష్టాయిష్టాలు చూడకుండా స్వరాల కోసం కీబోర్డు మీదికి ఎత్తి నిలబెట్టడం ఈ పాఠంలో లేదు. అది తనంతట నడిస్తేనే తీసుకుంటాం.

ఇక రికార్డింగ్. రిథమ్ స్టైల్ ఆపేయండి, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి జరిపే అంకె) సున్నా చేయండి, టచ్ రెస్పాన్స్ (నొక్కిన జోరును బట్టి మోగడం) ఆన్‌లో ఉంచండి. పియానో టోన్ చాలు. కీబోర్డులోనే రికార్డ్ బటన్ ఉంటే అది నొక్కి వదిలేయండి. కంప్యూటరుకు కలిపితే ఇంకా మేలు, ఎందుకంటే కీబోర్డు, కంప్యూటరు మాట్లాడుకునే మిడి పద్ధతి, 1983లో వచ్చింది, శబ్దాన్ని కాదు, ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత జోరుగా అనే అంకెల్ని రాస్తుంది. నడిమి సీ 60వ నంబరు, జోరు 1 నుంచి 127 దాకా. టచ్ ఉన్న కీబోర్డుల్లో చాలావాటికి ఒక్కో మెట్టు కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి జోరు లెక్క కడుతుంది. పిల్లి బొచ్చు ఆ సందులోకి చేరితే ఒక మెట్టు మూగబోతుంది, లేదా ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది. కొత్త పెయింట్ బ్రష్‌తో వారానికోసారి మెట్ల సందులు దులపండి, ఆడనప్పుడు గుడ్డ కప్పండి.

పిల్లి పాదం పడితే పక్కపక్క మెట్లు రెండు మూడు కలిసి మోగుతాయి. అన్నీ రాసుకోవద్దు. ప్రతి గుంపులో పైదాన్నే తీసుకోండి, చెవి పట్టుకునేది దాన్నే. అలా వచ్చిన స్వరాల్ని ఒక్కొక్కటిగా వాయించి, అకారంలో పాడండి. పాడకుండా కాగితం మీద తేల్చేద్దామనుకుంటే ఈ పాఠం చేసినట్టు కాదు.

సాధనకు పేరుమోసిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఇటలీలో పుట్టిన డొమెనికో స్కార్లాటి 1738లో అచ్చేయించిన 30 సొనాటాల్లో చివరిదానికి ‘పిల్లి ఫ్యూగ్’ అని పేరు (ఫ్యూగ్ అంటే ఒకే వరసను ఒకదాని వెంట ఒకటిగా పలు గొంతుల్లో అల్లే రచన). పిల్లి హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మెట్ల వాద్యం) మీద నడిస్తే ఆ స్వరాలు వచ్చాయని కథ చెబుతారు. ఆయన పెట్టిన పేరు కాదది, ఆయన పోయాక వచ్చింది. కథ సంగతి ఎలా ఉన్నా మొదటి ఆరు స్వరాలు మాత్రం పిల్లి నడకలాగే వింతగా ఎక్కుతాయి: జీ, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, పైన మళ్లీ బీ ఫ్లాట్, సీ షార్ప్. ఫ్లాట్ అంటే ఆ మెట్టుకు ఎడమ పక్కది, షార్ప్ అంటే కుడి పక్కది. వాయించండి.

ఇప్పుడు జీని ‘స’ అనుకుని, దాన్ని సున్నాగా పెట్టుకుని, నల్లవీ తెల్లవీ కలిపి మెట్లు లెక్కపెట్టండి. బీ ఫ్లాట్ మూడో మెట్టు, సాధారణ గాంధారం. ఈ ఫ్లాట్ ఎనిమిదోది, శుద్ధ ధైవతం. ఎఫ్ షార్ప్ పదకొండోది, కాకలి నిషాదం. తర్వాత పైస్థాయి గాంధారం, చివరిది 18వ మెట్టు, అంటే పైస్థాయి ప్రతి మధ్యమం. గ, మ, ద, ని నాలుగూ దొరికాయి. రిషభం, పంచమం రాలేదు. పంచమం మార్పు లేనిది కాబట్టి చేర్చేసుకోవచ్చు. మిగిలింది రిషభం. చతుశ్రుతి రిషభం పెడితే 57వ మేళం సింహేంద్రమధ్యమం: జీ, ఏ, బీ ఫ్లాట్, సీ షార్ప్, డీ, ఈ ఫ్లాట్, ఎఫ్ షార్ప్. శుద్ధ రిషభం పెడితే, అంటే ఏ బదులు ఏ ఫ్లాట్, 45వ మేళం శుభపంతువరాళి. ఒక్క మెట్టు తేడాతో మొత్తం రంగు మారిపోవడం మీ చెవితోనే వింటారు. రెంటినీ ఆరోహణ, అవరోహణ నిదానంగా వాయించాక, ఆ ఆరు స్వరాల దగ్గరికి తిరిగి వచ్చి చూడండి. నాకైతే సింహేంద్రమధ్యమం వైపే మొగ్గుతాయి, మీకు వేరుగా వినబడితే మీ చెవినే నమ్మండి.

స్కార్లాటి రాగం వాయించాడని దీని అర్థం కాదు. రాగానికి గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కావాలి, పట్లు కావాలి. మనం చేస్తున్నది స్వరస్థానాల్ని గుర్తుపట్టే సాధన. మీ పిల్లి ఇచ్చిన దాంట్లో ‘గ’లు రెండూ పక్కపక్కనే వస్తే ఒకటి వదిలేయాలి. ఏది వదలాలో మీకు మీరే నిర్ణయించుకోవాలి, కష్టమైన పని అదే. ‘స’ తేలకపోతే పిల్లి ఎక్కువసేపు నిలబడ్డ మెట్టును ‘స’ చేసి చూడండి, అదీ కుదరకపోతే మొదటిదాన్ని.

వచ్చే పాఠానికల్లా మూడు నడకలు పోగు చేయండి. ఒక్కోదాన్ని రెండు వేర్వేరు షడ్జమాలతో రాసి, మేళం నంబరు పక్కన వేసుకోండి. 10వ పాఠంలో పిచ్ బెండ్ చక్రంతో (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) సింహేంద్రమధ్యమం నిషాదానికి గమకం ఎలా వేయాలో చూద్దాం. చక్రం తిరిగే చోట పిల్లి తల ఆనించి పడుకునే అలవాటుంటే, ఈలోగా దానికో మెత్తటి గోనెపట్టా పక్కన పరిచి ఉంచండి.