వృద్ధాశ్రమంలో అర్ధరాత్రి మంటలు లేస్తే: ముందే ఎలా సిద్ధపడాలి?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులుండే ఆశ్రమం అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో కదల్లేక 28 మంది చనిపోయారు. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో మంట బేస్‌మెంట్‌లో పుట్టింది. పై అంతస్తుల్లో మంచాల మీదున్న రోగులు పొగకు ఊపిరాడక పోయారు, దాదాపు 90 మంది. రెండూ తెల్లవారకముందే జరిగాయి.

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల వృద్ధాశ్రమాలు, దివ్యాంగుల హాస్టళ్లు నడిపేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ ప్లాన్ రాత్రి రెండింటికి పనికొస్తుందా? పగలు మనుషులుంటారు. రాత్రి ఉండేది ఒక ఆయమ్మ, ఒక వాచ్‌మన్.

మొదట మంచాల లెక్క తీయండి. తనంతట తాను నడిచేవాళ్ల మంచానికి పచ్చ స్టిక్కర్, చెయ్యి పట్టుకుంటే నడిచేవాళ్లకు పసుపు, లేవలేనివాళ్లకు ఎరుపు. నిద్రమాత్ర వేసుకునే పెద్దాయన పగలు పచ్చే అయినా రాత్రికి పసుపు కిందే లెక్క. ఎరుపు మంచాలన్నీ కింది అంతస్తులో, దర్వాజకు దగ్గర్లో ఉండాలి. పై గదిలో గాలి బాగా వస్తుందని ఇంట్లోవాళ్లు పట్టుబట్టినా ఒప్పుకోకండి.

తర్వాత తాళాలు. మా దగ్గర కోతుల బాధకు కిటికీలన్నిటికీ జాలీలు బిగించాం, వెనక దర్వాజకు తాళం వేశాం. మొదటిసారి రాత్రిపూట డ్రిల్ చేసినప్పుడు లైట్లు ఆర్పేసి, వెనక దర్వాజ తియ్యమన్నాను. ఆయమ్మ చేతిలో పద్నాలుగు తాళంచెవుల గుత్తి. ఒక్కోటి పెట్టి చూస్తూ, "గిండ్ల ఏదో తెలుస్తలేదు సార్" అంది. చేతులు వణుకుతున్నాయి. తాళం తెరుచుకునేసరికి నాలుగు నిమిషాలు దాటింది. తప్పు ఆమెది కాదు, గుత్తి అప్పజెప్పిన మాది. మర్నాడే తాళం తీయించి, లోపలి నుంచి చేత్తో తీయగలిగే గొళ్లెం పెట్టించాం. మతిమరుపుతో బయటికి వెళ్లిపోయేవాళ్లుంటే గొళ్లెం తీయగానే మోగే బెల్ పెట్టండి, తాళం మాత్రం వద్దు.

మంట పుట్టే చోట్లు మీకు తెలిసినవే: వంటగది, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించిన కూలరూ హీటరూ, మంచం కింద పెట్టిన దోమల కాయిల్. రాత్రి వంట కాగానే గ్యాస్ బండ రెగ్యులేటర్ ఆపారో లేదో రోజూ ఒకరు చూసి సంతకం పెట్టాలి. ఆక్సిజన్ వాడే గదిలో అగరుబత్తి కూడా వెలిగించవద్దు. ఆక్సిజన్ దుప్పట్లలోకి, బట్టల్లోకి చేరుతుంది, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి.

మంట కనబడితే ముందు గట్టిగా కేకవేసి, ఆ గదిలో ఉన్నవాళ్లను బయటికి తెచ్చి, తలుపు మూసేయాలి. మూసిన తలుపు పొగను కాసేపు ఆపుతుంది, పక్క గదులవాళ్లకు ఆ కాసేపే కావాలి. ఈలోగా రెండో మనిషి మెయిన్ ఆఫ్ చేసి 101కి ఫోన్ చేయాలి. 112కి చేసినా సరే. అడ్రస్‌తో పాటు దగ్గర్లోని గుడో, వాటర్ ట్యాంకో గుర్తు చెప్పాలి. ఫైర్ ఇంజన్ వచ్చే దారిలో బండ్లు అడ్డం లేకుండా రోజూ చూసుకోవాలి.

లేవలేనివాళ్లను ఎత్తబోకండి, ఇద్దరి నడుములూ పడతాయి. పరుపు మీది చద్దరుతో సహా మెల్లగా కిందికి దించి, తలవైపు అంచులు గుప్పిట పట్టుకుని నేల మీద లాక్కుంటూ రావాలి. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేల దగ్గర గాలి కాస్త బాగుంటుంది. మేం సన్నగా ఉండే ఆయమ్మతో డెబ్బై కిలోల వాచ్‌మన్‌ను ఇలాగే లాగించాం. గచ్చు మీద సులువుగా జారాడు.

ఫైర్ సిలిండర్ చిన్న మంటకే. పిన్ను లాగి, దర్వాజ వీపు వెనక ఉండేలా నిలబడి, మంట మొదట్లోకి అటూ ఇటూ కొట్టాలి. అది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది, అప్పటికీ ఆరకపోతే వదిలేసి బయటపడాలి. కాగే నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకుండా స్టవ్ ఆపి మూత పెట్టాలి.

అందరూ చేరే చోటు ఒకటి ముందే చెప్పి ఉంచండి. మాకు గేటు బయటి వేపచెట్టు. పేర్ల రిజిస్టర్ నకలు ఒకటి గేటు దగ్గర వాచ్‌మన్ డబ్బాలో ఉంటుంది. చెట్టు కింద ఒక్కో పేరూ పిలిచి, మనిషిని చూశాకే టిక్కు పెట్టాలి. మూడు నెలలకోసారి డ్రిల్ చేయండి, అదీ నైట్ డ్యూటీ వాళ్లతోనే. కొత్త ఆయమ్మ చేరితే మొదటి రాత్రి డ్యూటీకి ముందే ఆ వెనక గొళ్లెం ఆమె చేత్తో ఒకసారి తీయించండి.