కట్టె మంటకు స్విచ్ ఉండదు: ఆయిల్ బాయిలర్ ఉన్న ఇంట్లో స్టవ్ వైరింగ్

గుంటూరు జిల్లాలో మా పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, అందులో నిప్పులు, చుట్టూ నీళ్ళు. నీళ్ళు మరిగితే ఆవిరి మూత సందులోంచి పోయేది. ఆ మూత బిగించబోతే నాయనమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసేది. ఐర్లండ్‌లో గాల్వే దగ్గర మేం కొన్న పాత ఇంట్లో బాయిలర్ స్టవ్ చూడగానే నాకు ఆ దెబ్బే గుర్తొచ్చింది. కట్టెలు, టర్ఫ్ (ఎండబెట్టిన బురదమట్టి ఇటుకలు, ఇక్కడి వంటచెరకు) వేసే ఇనప పొయ్యి, దాని వెనకాల నీళ్ళ పెట్టె. ఆ వేడి నీళ్ళు హాట్ ప్రెస్ అనే అలమరలో ఉండే వేడినీళ్ళ సిలిండర్‌కీ, గదులను వెచ్చబెట్టే రేడియేటర్లకీ పోతాయి. ఇది కాక బయట షెడ్డులో కిరోసిన్ బాయిలర్ ఒకటి. రెండూ అవే రేడియేటర్లను వేడి చెయ్యాలి.

మొదటి చలికాలం ఒక రాత్రి స్టవ్ బాగా మండుతుంటే బూడిద పారబొయ్యడానికి బయటికెళ్ళాను. షెడ్డులో కిరోసిన్ బాయిలర్ బర్నర్ హోరుమంటోంది! లోపల కట్టెలు, బయట కిరోసిన్, రెండూ ఒకేసారి. డిసెంబర్‌లో పోయించిన 500 లీటర్లు ఎటు పోయాయో అప్పుడర్థమైంది. మర్నాడు వైరింగ్ బాక్స్ మూత తీస్తే తప్పు కనబడింది. పాత యజమాని ఎవరిచేత చేయించారో గానీ, స్టవ్ పైపు థర్మోస్టాట్ (పైపు వేడిని బట్టి స్విచ్ వేసే పరికరం) నుంచి వచ్చే తీగను, కిరోసిన్ బాయిలర్‌ను రమ్మని పిలిచే టెర్మినల్‌లోనే (తీగ బిగించే చోట) కలిపేశారు. స్టవ్ వేడెక్కితే దాని పంపుతో పాటు బర్నర్ కూడా లేస్తోంది.

కిరోసిన్ బాయిలర్‌కు కరెంటు తీస్తే మంట ఆరిపోతుంది. కట్టెకు ఆ మాట వినబడదు. అందుకని ఇక్కడ తీగల పని మంటను ఆపడం కాదు. మంట ఎంత వేడిగా ఉందో కనిపెట్టి, ఆ వేడిని ఎటైనా తీసుకుపోవడం. ఈ ముక్క తలకెక్కితే వైరింగ్ బొమ్మ దానంతటదే వస్తుంది.

వైరింగ్ జోలికి పోయేముందు ప్లంబింగ్ చూడండి. స్టవ్ నుంచి పైకి తెరిచి ఉన్న వెంట్ పైపు, దానికి అటకమీద చిన్న ట్యాంకు ఉండాలి. అది మన రాగి బాయిలర్ మూత సందు లాంటిది. మామూలు స్టవ్‌ను సీల్డ్ ప్రెషర్ సిస్టమ్‌కు (గాలికి తెరిచి లేకుండా ఒత్తిడితో నడిచే పైపులకు) నేరుగా కలపకూడదు. ఇంకోటి, పంపు లేకుండానే నీళ్ళు తిరిగే దారి ఒకటి సిలిండర్‌కు ఉండాలి, దాని మీద వాల్వులేవీ లేని రేడియేటర్ ఒకటి ఉండాలి. దాన్ని హీట్ లీక్ రేడియేటర్ అంటారు. ఇవి లేకపోతే ఎంత గొప్ప వైరింగ్ చేసినా దండగ. ముందు ప్లంబర్‌ను పిలవండి.

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగే. అయినా ఈ దేశంలో ఇంట్లో ఇలాంటి పని రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ చెయ్యాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి కాగితం మీద గీసింది నేను, స్క్రూడ్రైవర్ పట్టింది ఆయన. మీరూ అలాగే చేసుకోండి. బొమ్మ చేతికిస్తే ఆయనకు సగం రోజు కలిసొచ్చింది, మాకు కూలీ కలిసొచ్చింది.

మొదటిది కరెంటు ఎక్కణ్ణుంచి అనేది. హీటింగ్ మొత్తానికీ, అంటే రెండు పంపులు, వాల్వులు, బర్నర్, టైమర్ అన్నిటికీ ఒకే ఫ్యూజ్డ్ స్పర్ (ఫ్యూజ్ ఉన్న గోడ స్విచ్), అందులో 3 ఆంపియర్ల ఫ్యూజ్. మా ఇంట్లో స్టవ్ పంపుకు వేరే ప్లగ్గు పెట్టి ఉంది. అలా ఉంటే ఒకటి ఆపి పని మొదలెట్టినవాడికి రెండోదాన్నుంచి షాక్ కొడుతుంది. ఇక్కడ గోధుమ రంగు లైవ్, నీలం న్యూట్రల్. మన ఎరుపు-నలుపు అలవాటు పక్కన పెట్టండి.

రెండోది పైపు థర్మోస్టాట్. స్టవ్ నుంచి వేడి నీళ్ళు బయటికొచ్చే రాగి పైపుకు, స్టవ్‌కు వీలైనంత దగ్గరగా కట్టాలి. పంపు ఆగి ఉన్నా నీళ్ళు కదిలే చోటే కట్టాలి. లేకపోతే నీళ్ళు లోపల ఉడుకుతున్నా దానికి తెలియదు. పైపుకు రంగు ఉంటే గీకెయ్యండి, ఇన్సులేషన్ పైన కట్టకండి. అక్కడికి వచ్చే తీగ వేడిని తట్టుకునే రకం కావాలి. మామూలు పీవీసీ తీగ 70 డిగ్రీల దాకానే.

ఈ థర్మోస్టాట్‌లో మూడు టెర్మినల్స్ ఉన్న రకమే కొనండి. కామన్, వేడెక్కితే కలిసేది, వేడెక్కితే విడిపోయేది. కామన్‌కు లైవ్ ఇవ్వకముందు మల్టీమీటర్ పెట్టి ఏది ఏదో చూసుకోండి, నంబర్లు కంపెనీకో తీరు. వేడెక్కితే కలిసేది స్టవ్ పంపుకు. ఇక విడిపోయేది... అసలు కథ ఇక్కడే ఉంది.

జోన్ వాల్వు అంటే ఇంట్లో ఒక్కో భాగానికి (జోన్‌కు) వేడినీళ్ళు వదిలే, ఆపే మోటారు వాల్వు. అందులో ఐదు తీగలుంటాయి. గోధుమ రంగుది మోటారును తిప్పుతుంది. నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ ఎర్త్. బూడిద రంగు తీగకు మామూలుగా ఎప్పుడూ లైవ్ ఇస్తారు. వాల్వు పూర్తిగా తెరుచుకోగానే ఆ లైవ్ నారింజ తీగలోకి వచ్చి బర్నర్‌నూ దాని పంపునూ పిలుస్తుంది. మేం బూడిద తీగను నేరుగా లైవ్‌కు కాకుండా, స్టవ్ థర్మోస్టాట్‌లో వేడెక్కితే విడిపోయే టెర్మినల్‌కు ఇచ్చాం. స్టవ్ చల్లగా ఉంటే నారింజకు లైవ్ వస్తుంది, బర్నర్ పనిచేస్తుంది. స్టవ్ వేడెక్కితే వాల్వు తెరుచుకున్నా సరే, బర్నర్‌కు పిలుపు అందదు. కిరోసిన్ దుబారా ఒక్క తీగతో ఆగింది. స్టవ్ తీగ మాత్రం నారింజ తీగలున్న టెర్మినల్‌ను ఎక్కడా తాకకూడదు.

డయల్ మొదట 45 డిగ్రీల దగ్గర పెట్టాను. పంపు రెండు నిమిషాలకోసారి లేస్తూ పడుకుంటూ పిచ్చెక్కించింది. చల్లటి నీళ్ళు తిరిగి స్టవ్‌లోకి వస్తే లోపల తేమ పట్టి తారు పేరుకుంటుంది కూడా. 55కి పెంచాక కుదురుకుంది.

మూడోది రెండో థర్మోస్టాట్, అదే పైపు మీద, 85 దగ్గర. గదులన్నీ వెచ్చగా ఉండి వాల్వులు మూసుకుని, స్టవ్ మాత్రం భగ్గున మండుతుంటే ఇది వాల్వులను బలవంతంగా తెరవాలి. తెలియనివాళ్ళు వాల్వుల గోధుమ తీగలన్నీ ఒకచోట కలిపి దీనికి ఇచ్చేస్తారు. అప్పుడు కింద గది అడిగినా పై గది వాల్వు కూడా తెరుచుకుంటుంది. మేం రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టాం. మాకు రెండు జోన్లు కాబట్టి రెండు పోల్స్, అంటే ఒకేసారి మారే రెండు వేర్వేరు స్విచ్‌లు ఉన్నది. మామూలప్పుడు ఒక్కో గది థర్మోస్టాట్ తన వాల్వునే నడుపుతుంది. 85 దాటితే రిలే లేచి రెండు వాల్వులకూ నేరుగా లైవ్ ఇస్తుంది.

పరీక్ష మాత్రం ఓపిగ్గా చెయ్యండి. మొదటిరోజు నాలుగు చిన్న పుల్లలే వెయ్యండి. పంపు లేచినప్పుడు షెడ్డులోకి ఒకర్ని పంపి బర్నర్ ఆగిందో లేదో చూడమనండి. 85 దగ్గర పెట్టిన థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి మంట పెంచకండి, డయల్ తగ్గించండి, చాలు. తర్వాత మంట చిన్నగా ఉండగానే స్పర్ ఆపేసి, హీట్ లీక్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వేడెక్కకపోతే ఆ స్టవ్ మళ్ళీ వెలిగించకండి.

ఇదేదో చాదస్తం అనుకోకండి. 2025 జనవరి 24న ఇయోవిన్ తుఫాను వచ్చినప్పుడు ఈ దేశంలో 7,68,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. మాకూ పోయింది. పంపు లేదు, వాల్వు లేదు. మా ఆవిడ గాలి పోయే తలుపు మూసి మంట తగ్గించింది, కొత్త కట్టె వెయ్యనివ్వలేదు. సిలిండర్, బాత్రూమ్‌లో ఆ ఒక్క రేడియేటర్ వేడిని మింగుతూ కూర్చున్నాయి. పిల్లలు తువ్వాళ్ళు కప్పుకుని అక్కడే ఇడ్లీలు తిన్నారు.

స్టవ్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి. బొమ్మను ప్లాస్టిక్ కవర్లో పెట్టి హాట్ ప్రెస్ తలుపు లోపలివైపు అంటించాను, ప్రతి తీగకూ నంబరు చుట్టాను. మాకు ముందున్నవాళ్ళు ఆ పాటి చేసుంటే నాకు 500 లీటర్లు మిగిలేవి.